గబుక్కున నిండిన గ్లాసు

పైడితల్లికి కాళ్ళిచ్చిన దేవుడు కడుపివ్వటం మరిచిపోయాడు.

వంద కిలోమీటర్ల కొండ పరుగు పందెంలో ఆ అమ్మాయి రెండుసార్లు దిగింది. రెండుసార్లూ అరవై దాటాక కడుపులో తిప్పి, కళ్ళు తిరిగి, దారి పక్కన కూలబడింది. మొదటిసారి అరవై రెండో కిలోమీటరు దగ్గర, రెండోసారి అరవై నాలుగు దగ్గర. మధ్యలో ఏడాదంతా చేసిన సాధనకి గిట్టుబాటు రెండు కిలోమీటర్లు.

మూడోసారి పేరు ఇస్తే పందెం వాళ్ళు ఒక కాగితం పంపారు. రెండుసార్లు మధ్యలో ఆగిపోయినవాళ్ళకి శిక్షణ ఇచ్చిన గురువు సంతకం కావాలట. ఈ మనిషి వంద పరిగెత్తగలదని ఆయన పూచీ పడాలట. ఆ కాగితం సోమవారం సాయంత్రంలోపు అందకపోతే పేరు కొట్టేస్తారు.

ఇవాళ ఆదివారం. కాగితం గుడారంలో, బూట్ల సంచీ కింద ఉంది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

పైడితల్లిది విజయనగరం. ఓ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం. పెంచింది నానమ్మ నరసమ్మ. నరసమ్మకి మనవరాలంటే ప్రాణం, సామెతంటే అంతకన్నా ప్రాణం. బళ్ళో పరుగు పందెంలో కప్పు తెచ్చిన రోజున కూడా ఆవిడ ఆ కప్పుని అటూ ఇటూ తిప్పి చూసి, "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలే తల్లీ," అంది. ఉద్యోగానికి సెలవు పెట్టి పందేలకి పోతానంటే అదే మాట. రెండోసారి ఓడి వచ్చిన రోజున నరసమ్మ మనవరాలి కాళ్ళ బొబ్బలకి కొబ్బరినూనె రాస్తూ, తిట్టకుండా, మెత్తగా అదే మాట అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజునుంచి పైడితల్లికి ఆ సామెత వింటే ఒళ్ళు మండుతుంది. నిలబడి నీళ్ళు తాగేవాళ్ళని చూసినా మండుతుంది. పందెంలో నీళ్ళ బల్ల దగ్గర ఆగి, నడుం మీద చెయ్యేసుకుని తీరుబడిగా తాగేవాళ్ళని దాటుకుపోవటమంటే ఆమెకి భలే సరదా. తన నీళ్ళు తన వీపుమీది సంచీలోనే ఉంటాయి. గొట్టం నోట్లో పెట్టుకుని పరిగెడుతూనే పీల్చేస్తుంది. గుడారం గుడ్డ మీద కూడా పెద్ద అక్షరాలతో రాసుకుంది, 'ఆలస్యం అమృతం విషం' అని. సామెతకి సామెతే విరుగుడు అనుకుంది పాపం.

ఈసారి కూడా ఓడిపోతే నానమ్మ సామెతే గెలిచినట్టు. ఆ తర్వాత మళ్ళీ పరుగు మాట ఎత్తనని ఆమె తనకు తానే ఒట్టు పెట్టుకుంది.

గురువు పేరు సన్యాసయ్య. అరవై ఎనిమిదేళ్ళు. ఆయన ఏ పందెంలోనూ పరిగెత్తలేదు. తపాలా శాఖలో ఆయన ఉద్యోగం పేరే రన్నరు. రోడ్డు లేని రోజుల్లో టపా సంచీ భుజానేసుకుని, గజ్జెలు కట్టిన కర్ర పట్టుకుని, ముప్పై ఏళ్ళు ఈ కొండలెక్కి దిగాడు. గద్దల గట్టు అవతల పనసచెట్టు కింద ఒక ఊట ఉంది. అటునుంచి వచ్చే రన్నరు, ఇటునుంచి వెళ్ళే సన్యాసయ్య అక్కడ సంచీలు మార్చుకునేవారు. ముప్పై ఏళ్ళలో ఒక్క టపా తప్పలేదు. ఆ సంగతి విని కొండ పరుగు నేర్చుకుంటామని పట్నంనుంచి పిల్లలు రావటం మొదలెట్టారు. ఎవరైనా "గురువుగారూ" అంటే, "గురువేటి, రన్నర్ని," అని ఆయన నవ్వేస్తాడు. అందరూ గురువుగారనే అంటారు.

నిమ్మగెడ్డ అనే వాగు ఒడ్డున గుడారాలు వేసుకుని ఇది నాలుగో రోజు. ఉన్నది ముగ్గురే. గురువు, పైడితల్లి, హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసే భానోజీరావు. భానోజీ నిదానస్తుడు. నత్త కూడా దారి ఇమ్మని అడుగుతుందని పైడితల్లి వెక్కిరించేది. అయితే ఆ నత్త వంద కిలోమీటర్లు రెండుసార్లు పూర్తి చేసింది.

ఇంకా చీకటి విచ్చకముందే గురువు పైడితల్లిని పిలిచాడు.

"మూడు సుట్లు లగెత్తు. గట్టు మీదనుంచి ఊట దాకా, ఊటనుంచి జీడితోటలోంచి ఇక్కడికి. ఒంటిగంటకి వచ్చీయాలి."

చుట్టుకి పద్నాలుగు కిలోమీటర్లు. మూడు చుట్లంటే నలభై రెండు. ఆమె వేళ్ళమీద లెక్క వేసుకుంది. చుట్టుకి రెండున్నర గంటలు కూడా పట్టదు. ఒంటిగంటకి రావచ్చు, తేలిగ్గానే.

"ఇంకొక్క మాట," అన్నాడాయన. "ఊట కాడ దారి పక్కన రాతిమీద నా ఇత్తడి గ్లాసు పెట్టుంచినాను. ఎల్లిన ప్రతిసారీ గ్లాసుడు ఊట నీల్లు నిండా పట్టు. నిలబడి తాగు. గ్లాసు బోర్లించి రా."

నిలబడి అన్న మాట దగ్గర పైడితల్లి మొహం మాడింది. ఈయనకి కూడా నానమ్మ పూనిందా?

"నా సంచీలో లీటరున్నర ఉందండి."

"ఉండనీ."

"మరి అలా చేస్తే సంతకం పెడతారా?"

ఆయన గెడ్డ వైపు చూస్తూ, "వచ్చినాక సూద్దాం," అన్నాడు.

అయిదున్నరకి బయలుదేరింది. చల్లటి గాలి, కాళ్ళ కింద తడి ఆకులు. గట్టు ఎక్కటం ఆమెకి నల్లేరు మీద బండి. ఊట దగ్గరికి వచ్చేసరికి రాతిమీద గ్లాసు కనిపించింది. సోలెడు నీళ్ళు పట్టే పాతకాలపు గ్లాసు. ఊట మాత్రం కనిపించలేదు. దారికి పది అడుగులు లోపలికి, పనసచెట్టు వెనక ఎక్కడో ఉన్నట్టుంది.

పది అడుగులు అటు, పది ఇటు. ఆగటం, వంగటం, పట్టటం. భానోజీ ఎక్కడో వెనక కుంటుకుంటూ వస్తున్నాడు. చూసేవాళ్ళు లేరు. పైడితల్లి వీపు గొట్టంలోంచి నాలుగు చుక్కలు గ్లాసులో వేసి తడిపింది. బోర్లించింది. పరుగు తీసింది. అంతా కలిపి నాలుగు క్షణాలు.

ఎనిమిదింటికి ఇంకా పది నిమిషాలుండగానే గెడ్డ ఒడ్డుకి చేరింది. గురువు పొయ్యి దగ్గర కూర్చుని రాగి అంబలి కలుపుతున్నాడు.

"తాగినావా?"

"తాగానండి."

"గ్లాసు నిండటానికి ఎంతసేపు పట్టిందేటి?"

ఇలాంటి ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. అయినా అబద్ధానికి ఆలోచన ఎందుకు? "ఎంతో పట్టలేదండి. గబుక్కున నిండిపోయింది."

గురువు గరిటె ఆపాడు. ఒక్క క్షణం. మళ్ళీ కలపటం మొదలెట్టి, "ఊఁ," అన్నాడు.

ఆ ఊఁ పైడితల్లికి ఎక్కడో గుచ్చుకుంది. కానీ కాళ్ళు ఆగవు కదా. రెండు గుక్కలు తాగి, రెండో చుట్టుకి వెళ్ళిపోయింది.

రెండో చుట్టులో ఎండ మొదలైంది. మాఘం వెళ్ళిన వారమే గాని గద్దల గట్టు మీద చెట్టు లేదు, అంతా నల్లరాయి. కడుపులో నీళ్ళు గుడగుడమంటున్నాయి. ఆ చప్పుడు ఆమెకి బాగా తెలుసు. అరవయ్యో కిలోమీటరు దగ్గర వినపడే చప్పుడు ఇవాళ పాతికకే వినపడుతోంది. భయం వేసింది. భయం వేస్తే ఆమెకి తెలిసిన మందు ఒక్కటే, ఇంకాస్త వేగం పెంచటం.

ఊట దగ్గర గ్లాసు ఎవరో తాగి బోర్లించినట్టుంది, చుట్టూ రాయి తడిగా ఉంది. భానోజీయే అయ్యుంటాడు. మళ్ళీ నాలుగు చుక్కలు, మళ్ళీ బోర్లింపు.

పదీ ఇరవైకి కిందికి వచ్చింది. గురువు మళ్ళీ అదే అడిగాడు.

"నిండినాదా?"

"నిండిందండి."

"ఇప్పుడూ గబుక్కునేనా?"

"ఆఁ."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు, ఎండిన పెదాల వైపు చూశాడు. "పోనీ ఇక్కడితో సాలించీ," అన్నాడు.

"సంతకం?"

ఆయన అంబలి మీద మూత పెట్టాడు. పైడితల్లి గబగబా సంచీలో నీళ్ళు పోసుకుంది. సగం పోసి ఆపేసింది. నిండా పోస్తే బరువు. బరువైతే ఆలస్యం. ఆలస్యం అమృతం విషం. గుడారం మీద తను రాసుకున్న అక్షరాలే ఎదురుగా ఉన్నాయి.

వెనకనుంచి గురువు గొంతు వినిపించింది. "గ్లాసు మరవకే!"

మూడో చుట్టులో గట్టు ఎక్కుతుండగానే వీపు గొట్టం గర్రుమని గాలి మింగింది. నీళ్ళు అయిపోయాయి. గట్టు పొడవునా నల్లరాయి పెనంలా కాలుతోంది. కాళ్ళు నడుస్తున్నాయి గాని అవి తనవి కావు. చెవుల్లో హోరు. రాళ్ళ అంచులు రెండుగా కనపడుతున్నాయి. అరవై నాలుగో కిలోమీటరు దగ్గర ఇలాగే కనపడ్డాయి. అక్కడ ఎత్తుకుపోయేందుకు మనుషులున్నారు. ఇక్కడ పడితే ఏ గద్దో చూడాలి.

కూలబడకూడదు. కూర్చుంటే లేవలేనని ఆమెకి తెలుసు. తెలిసినకొద్దీ కూర్చోవాలనిపించింది.

పనసచెట్టు నీడ కనపడేసరికి చేతి గడియారంలో పన్నెండూ ఇరవై. ఇక్కడినుంచి కిందికి అరగంట దారి. ఇప్పుడే దిగితే పన్నెండూ యాభైకల్లా చేరుకోవచ్చు. సంతకం దొరుకుతుంది. కాని గొంతు అతుక్కుపోయింది. ఈసారి నాలుగు చుక్కలు వెయ్యటానికి గొట్టంలో చుక్క లేదు.

గ్లాసు తీసుకుని మొదటిసారి చెట్టు వెనక్కి వెళ్ళింది.

అక్కడ రాతి పగులులో ఒక వెదురు బద్ద దోపి ఉంది. దాని చివరనుంచి నీళ్ళు పడుతున్నాయి. పడుతున్నాయని అనటం కూడా ఎక్కువే. సూదిలోకి ఎక్కించే దారమంత ధార. అది కూడా తెగి తెగి పడుతోంది.

పైడితల్లి గ్లాసు కింద పెట్టింది. టిక్. టిక్. అడుగు తడిసింది. ఆమె గ్లాసులోకి చూసింది, గడియారం చూసింది, మళ్ళీ గ్లాసులోకి చూసింది. మూడు నిమిషాలకి పావు నిండింది. అంటే నిండటానికి పన్నెండు నిమిషాలు.

గబుక్కున నిండిపోయింది.

తన మాట తనకే వినిపించింది. పొద్దున్న ఆయన గరిటె ఎందుకు ఆపాడో అర్థమైంది. ముప్పై ఏళ్ళు ఈ బద్ద ముందు నిలబడ్డ మనిషితో ఆ మాట అంది తను. ఒకసారి కాదు, రెండుసార్లు. అంత ఎండలోనూ ఆమె చెవులు వేరే వేడితో కాలిపోయాయి. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

అయినా బుద్ధి ఊరికే మారుతుందా? పావు గ్లాసు ఒక్క గుక్కలో ఎత్తేసి పరుగందుకుంది. ఇరవై అడుగులు కూడా వెళ్ళలేదు. తాగిన నీళ్ళు తాగినట్టే బయటికొచ్చేశాయి. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగింది. కళ్ళముందు చీకటి కమ్మింది. జీడితోట దాకా కూడా పోలేనని ఒంటికి తెలిసిపోయింది.

వెనక్కి తిరిగి, చెట్టు కొమ్మ పట్టుకుంటూ, ఊట దగ్గరికి వచ్చింది. గ్లాసు మళ్ళీ బద్ద కింద పెట్టింది. మొదటినుంచి.

నిలబడింది.

నిలబడటం ఇంత కష్టమని ఆమెకి తెలియదు. మొదటి నిమిషం కాళ్ళు వాటంతటవే అదురుతూనే ఉన్నాయి. రెండో నిమిషం ఏడుపొచ్చింది. ఒంటిగంట పోయింది, సంతకం పోయింది, కాగితం పోయింది. నిలబడి నీళ్ళు తాగుతున్నాను చూడవే నానమ్మా, నువ్వే గెలిచావు అని పైకే అనేసింది. నాలుగో నిమిషానికి ఎగశ్వాస తగ్గింది. ఆ తర్వాత గుండె చప్పుడు చెవుల్లోంచి ఛాతీలోకి దిగింది. పనసాకుల మధ్యనుంచి చిన్నగా గాలి వస్తోంది. ఇందాక కూడా వచ్చే ఉంటుంది.

గ్లాసు నిండి అంచు మీదినుంచి ఒక చుక్క జారింది. ఆమె రెండు చేతులతో ఎత్తి, గుటక గుటకగా తాగింది. కడుపు దాన్ని ఉంచుకుంది.

గడియారం చూడకుండా రెండో గ్లాసు పెట్టింది.

అది కూడా తాగాక గ్లాసు కడిగి, దారి పక్క రాతిమీద బోర్లించింది. కాళ్ళు కదిపి చూసింది. ఇప్పుడవి తనవే. దిగువకి మెల్లగా మొదలుపెట్టిన పరుగు జీడితోట దగ్గరికి వచ్చేసరికి దానంతటదే సాగింది. కడుపులో గుడగుడ లేదు.

తోట మొదట్లో గురువు ఎదురయ్యాడు. గజ్జెల కర్ర పట్టుకుని పైకి ఎక్కుతున్నాడు. వెనక భానోజీ నీళ్ళ డబ్బాతో వస్తున్నాడు. గురువు మొహం ఎప్పుడూ అలా చూడలేదు పైడితల్లి. అందులో కోపం లేదు, వట్టి భయం ఉంది. ఆమెని చూడగానే ఆయన కర్ర నేలకి ఆనించి, ఊపిరి వదిలాడు.

"బాగున్నావా సెల్లెమ్మా?" అని భానోజీ అరిచాడు.

ఆమె తలూపింది.

గురువు అడిగాడు. "నిండటానికి ఎంతసేపు పట్టినాదమ్మా?"

"పన్నెండు నిమిషాలండి."

"పొద్దున్న గబుక్కున నిండిపోయిందన్నావు."

"పొద్దున్న నింపలేదు గురువుగారూ. రెండుసార్లూ నింపలేదు. గ్లాసు తడిపి బోర్లించాను."

ముగ్గురూ గెడ్డ వైపు దిగారు. గజ్జెలే కాస్త మోగాయి.

గుడారం దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. పైడితల్లి లోపలికి వెళ్ళి, బూట్ల సంచీ కిందనుంచి కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, పొయ్యి దగ్గరికి నడిచింది. నిప్పులు ఇంకా ఉన్నాయి.

"ఇటు తే," అన్నాడు గురువు.

"ఒంటిగంట దాటిపోయింది కదండీ. అబద్ధం కూడా ఆడాను."

"ఇటు తెమ్మన్నానా?"

ఆయన కాగితం మడతలు విప్పి, తొడమీద సాపు చేశాడు. భానోజీ జేబులోని కలం తీసిచ్చాడు.

"ఆ గ్లాసు మూడుసార్లు నింపినోల్లెవులూ ఒంటిగంటకి ఇక్కడ ఉండలేరు," అన్నాడు గురువు, తల ఎత్తకుండానే. "నువ్వు ఒంటిగంటకి వచ్చీసుంటే సంతకం పెట్టీవోణ్ణి కాదు."

ఆయన ఒక్కో అక్షరం దిద్దుతున్నట్టు రాశాడు. సన్యాసయ్య. పక్కన, ముప్పై ఏళ్ళ అలవాటు కాబోలు, రన్నరు అని కూడా రాశాడు.

కాగితం అందుకుంటూ ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఏటే?"

"ఏంలేదండి. మా నానమ్మ చిన్నప్పటినుంచీ నన్ను ఒక సామెతతో చంపుకు తింటోంది. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని. ఇవాళ మీరు కూడా అదే చెప్పారు. అంటే ఆవిడదే నిజమా గురువుగారూ? నేనింక పరుగు మానెయ్యాలా?"

గురువు ఆ సామెతని నోట్లో వేసుకుని నమిలినట్టు కాసేపు ఆలోచించాడు. కలం మూత పెట్టి భానోజీకి తిరిగిచ్చాడు.

"మంచి సామెతే," అన్నాడు. "నిలబడి తాగమన్నాది గాని, తాగీసినాక అక్కడే కూకోమన్నాదేటి మీ నానమ్మ?"